పెంట పాట నుంచి టిప్పింగ్ ఫీజు దాకా: ఊరి చెత్త కాంట్రాక్టుల నూట అరవై ఏళ్లు

తెలుగు నేల మీద మునిసిపాలిటీ అనే వ్యవస్థ ముందుగా సముద్రపు ఒడ్డున పుట్టింది. భీమునిపట్నం 1861లోనే పురపాలక సంఘమైంది. 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం వచ్చిన మరుసటి ఏడాదే గుంటూరు, కాకినాడ, బందరు ఆ దారిలో నడిచాయి. లార్డ్ రిప్పన్ 1882లో స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాక బెజవాడ కూడా 1888లో పురపాలక హోదా పొందింది. ఆనాటి సంఘాలకు బళ్లు, ఆసుపత్రులు, కుళాయిలు తర్వాతి మాట. దీపాలు వెలిగించడం, రోడ్లు వేయించడం, ఊరి మురికిని ఊరి బయటికి తోలించడం, ఇవే మొదటి పనులు. కలరా ఏ వేసవిలో ఏ పేటను ఎత్తుకుపోతుందో తెలియని కాలం కనుక, ఈ మూడింటిలో మూడోదే ప్రాణంతో ముడిపడిన పని.

ఆ పనిని ఎవరి చేత, ఏ షరతుల మీద చేయించాలన్న ప్రశ్న అప్పటి నుంచీ ఉంది. నేటి టెండరు ప్రకటనలు చదివేవారికి వింతగా తోచే సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో చెత్తను తీసుకుపోయేవాడే ఊరికి డబ్బు కట్టేవాడు. బండి చెత్త, పేడ, పాయిఖానాల మలం అన్నీ కలిసి పెంట అయ్యేవి. పట్టణం చుట్టూ కూరగాయలు పండించే రైతుకు అది అవసరం. అందుకని బజారు ఆశీలు, బందెల దొడ్డి, రోడ్డు పక్క చింతచెట్ల కాపు వేలం వేసినట్టే పెంటనూ పాట పెట్టేవారు. మునిసిపల్ పద్దుల్లో అది ఆదాయం వైపు చేరేది. ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. లండన్‌లో పారిష్‌లు ఇళ్ల పొయ్యిల బూడిదను తీసుకుపోయే హక్కును కాంట్రాక్టర్లకు అమ్ముకునేవి. ఇటుకల తయారీకి బూడిద కావాలి గనుక వాళ్లు ఎగబడి కొనేవారు. ఇటుకల గిరాకీ తగ్గగానే లెక్క తిరగబడి, పారిష్‌లే ఎదురు చెల్లించాల్సి వచ్చింది. మన ఊళ్లలో లెక్క అలా తిరగబడటం ఇంకో వందేళ్లకు గాని జరగలేదు.

హైదరాబాదుది వేరే కథ. మొదటి సాలార్‌జంగ్ హయాంలో 1869లో నగరానికి మునిసిపల్ పాలన ఏర్పడింది. మూసీకి అవతల చాదర్‌ఘాట్ వేరే మునిసిపాలిటీగా ఉండి, 1933లో గాని నగరంలో కలవలేదు. 1908 మూసీ వరద, ఆ వెంటనే వచ్చిన ప్లేగు, ఈ రెండూ కలిసి పాలకుల కళ్లు తెరిపించాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి, ఇరుకు బస్తీలను విప్పి, మురుగుకాలువలు తవ్వించింది. ఇక్కడ కచ్రా పని సర్కారు నౌకరీ. మద్రాసు వైపు పట్టణాల్లోనూ ఊడ్చే మనుషులు మునిసిపాలిటీ జీతగాళ్లే. పెంటను వేలం వేశారు గాని చీపురును వేలం వేయలేదు. ఆ తేడా గుర్తుంచుకోదగ్గది.

అయితే ఆ చీపురు ఎవరి చేతిలో ఉండేదో ఏ చట్టమూ రాయలేదు. రాయనక్కరలేకుండానే జరిగిపోయింది. కోస్తాలో రెల్లి కులస్థులు, మాదిగలు, హైదరాబాదులో ఉత్తరాది నుంచి తెప్పించిన మెహతర్లు ఆ పనికి కట్టుబడ్డారు. మన రాష్ట్రాల సరిహద్దు దాటినా అదే వరస. బెంగళూరు పౌరకార్మికుల్లో, చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు తరతరాలుగా పెద్ద సంఖ్యలో ఉన్నాయి. కోలారు బంగారు గనుల కాలనీలో అలాంటి తెలుగు కుటుంబంలో పుట్టినవారే బెజవాడ విల్సన్. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి అండగా నిలవగా, ఆయన సహచరులతో కలిసి నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ పొడి పాయిఖానాల మీద 1993లో వచ్చిన చట్టం చాలక, దేశం చేత 2013లో రెండో చట్టం చేయించిన ఒత్తిడిలో ముఖ్యభాగం. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. చెత్త ఒప్పందాల చరిత్ర చెప్పేటప్పుడు ఈ పేరాను ప్రత్యేక అధ్యాయంగా విడదీయడం వాడుక. నేను అలా విడదీయను. ఎందుకంటే ఒప్పందం మీద సంతకం పెట్టేవారి పేర్లు ఎన్నిసార్లు మారినా, పనికి వచ్చే మనుషుల వీధి పెద్దగా మారలేదు.

ఇరవయ్యో శతాబ్దం నడుమ పెంటకు మరికొంత మర్యాద దక్కింది. బెంగళూరు విజ్ఞాన సంస్థలో సి.ఎన్. ఆచార్య గుంతల్లో చెత్తను, మలాన్ని పొరలు పొరలుగా వేసి మగ్గబెట్టే పద్ధతిని రూపొందించారు. ఆహారోత్పత్తి పెంచాలన్న యుద్ధకాలపు ఉద్యమంలో అది దేశమంతా పాకి, మునిసిపాలిటీలు కంపోస్టు యార్డులు పెట్టాయి. కొన్నాళ్లు ఆ ఎరువును రైతులు బండ్లు కట్టుకొచ్చి కొన్నారు. తర్వాత రెండు దెబ్బలు తగిలాయి. యూరియా బస్తా సులువుగా దొరకడంతో రైతు చూపు మళ్లింది. అదొకటి. దాన్ని మించింది ప్లాస్టిక్ సంచి. 1980ల తర్వాత మునిసిపల్ చెత్తలో కవరు ముక్కలు, గాజు పెంకులు లేని గంప లేదు. అలాంటి ఎరువు పొలంలో వేసుకుంటే నాగలికి కవర్లు చుట్టుకోవడమే మిగులుతుంది. పాట పాడేవాడు రావడం మానేశాడు. ఆదాయం వైపున్న పద్దు ఖర్చు వైపుకు మారిన ఘట్టం ఇదే. దీనికి శిలాఫలకం లేదు, తేదీ లేదు. ఈ చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు మాత్రం నాకు కనిపించదు.

ఇదంతా నడుస్తుండగానే, మునిసిపాలిటీ ప్రమేయం లేని మరో ఒప్పందం వీధుల్లో నడిచింది. పాత ఇనుప సామాను, ఖాళీ సీసాలు, చిత్తు కాగితాలకు ఉల్లిపాయలో, ప్లాస్టిక్ బిందెలో, నాలుగు రూపాయలో ఇచ్చి పట్టుకుపోయే తోపుడు బండివాడు, అతని వెనుక గోదాము షావుకారు, ఆ పైన కాగితం మిల్లు, ఇనుము కరిగించే కొలిమి. ఇదే మన రీసైక్లింగ్ పరిశ్రమ. దీనికి ఎవరూ టెండరు పిలవలేదు, పైసా చెల్లించలేదు. నేటి అధికార పత్రాలు దీన్ని అనియత రంగం అంటాయి గాని, నియమం ప్రకారం రోజూ పొద్దున్నే వచ్చినవాడు అతనే.

ఇక 1990లు. ఈ దశాబ్దంలో నాలుగు దిక్కుల నుంచి నాలుగు గాలులు వీచాయి. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ ఘనవ్యర్థాల నిర్వహణను పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థల బాధ్యతల్లో చేర్చింది. 1994లో సూరత్‌లో ప్లేగు కలకలం రేగి, చెత్త కుప్పలు పత్రికల మొదటి పేజీకెక్కాయి. కొత్త నియామకాల మీద నిషేధం పడింది. నగరాలు మాత్రం పెరుగుతూ పోయాయి. ఈ నాలుగూ కలిసినచోట దొరికిన తేలిక జవాబు కాంట్రాక్టు. పదవీ విరమణ చేసిన కార్మికుడి స్థానంలో కొత్త కార్మికుణ్ని కాక కొత్త కాంట్రాక్టరును తెచ్చారు.

హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ ఆ దశాబ్దం నడుమ చేసిన ప్రయోగాన్ని అప్పట్లో దేశంలోని మిగతా నగరాలకు పాఠంగా చెప్పుకున్నారు. రోడ్ల పొడవును బట్టి నగరాన్ని యూనిట్లుగా కోశారు. ఒక్కో యూనిట్‌కు ఎంతమంది ఊడ్చేవాళ్లు, ఎన్ని చీపుర్లు, ఏ బండి కావాలో లెక్కగట్టి, ధరను కార్పొరేషనే ఖరారు చేసింది. ఆ ధరకు ఒప్పుకున్న కాంట్రాక్టర్ల పేర్లు చీటీలు వేసి తీసి పనులు పంచింది. మామూలు టెండరులో అంచనా కన్నా 'లెస్' వేసినవాడికే పని దక్కుతుంది. ఊడ్చే పనిలో ఖర్చంతా కూలీయే గనుక, ఆ లెస్ ఎవరి జేబులోంచి వస్తుందో చెప్పనక్కరలేదు. చీటీల పద్ధతి ఆ పోటీకి అడ్డుకట్ట వేయడానికి పుట్టింది. దాని రూపకర్తల ఆలోచన మంచిదేనని నా అభిప్రాయం. కానీ ధర ఖరారైనా, అందులో కూలీ చేతికి చేరేదెంతో చూసే కన్ను ఖరారు కాలేదు. మస్టరులో ఉన్న పేర్లు రోడ్డు మీద లేకపోవడం, పీఎఫ్ కోసినా ఖాతాలో పడకపోవడం, ఇవి యూనిట్ల కాలమంతా వినిపించిన ఫిర్యాదులు. హాజరుకు వేలిముద్రల యంత్రాలు వచ్చాక నకిలీ వేలిముద్రలు కూడా వచ్చాయి.

విశాఖ, విజయవాడ వంటి చోట్ల ఇదే కాలంలో ఇంకో పాయ ప్రవహించింది. పట్టణ పేద మహిళల డ్వాక్వా సంఘాలకు, యువకుల సీఎంఈవై సంఘాలకు పారిశుద్ధ్యం పనులు అప్పగించారు. కాంట్రాక్టరు లాభం కూలీలకే చెందాలన్న ఉద్దేశం అందులో ఉంది. కొన్నిచోట్ల ఆ సంఘాలు నిజంగా కార్మికులవే. కొన్నిచోట్ల సంఘం బోర్డు కింద కూర్చున్నది పాత మేస్త్రీయే. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు పద్ధతి రద్దయినంత మాత్రాన కార్మికుడు దానంతటదే శాశ్వత ఉద్యోగి కాడని తేల్చింది. దాంతో కోర్టు దారి ఇరుకై, పోరాటం వీధికెక్కింది.

చెత్త ఏమవుతుందన్న ప్రశ్నను, ఎవరెత్తాలన్న ప్రశ్న నుంచి విడదీసి దేశం ముందు పెట్టిన మనిషి అల్మిత్రా పటేల్. 1996లో ఆమె సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగా కమిటీ ఏర్పడింది, దాని నివేదిక 1999లో వచ్చింది, 2000లో మునిసిపల్ ఘనవ్యర్థాల నియమాలు వచ్చాయి. ఇంటింటి సేకరణ, తడి పొడి వేరుచేయడం, శాస్త్రీయంగా పూడ్చడం మొదటిసారి చట్టమయ్యాయి. 2003 చివరికల్లా అంతా అమలు కావాలన్నారు. అయిందా అంటే, మన ఊళ్ల పొలిమేరలే సాక్ష్యం.

ఆ గడువు నాటికి గడువును లెక్కచేసిన ఊరు ఒకటుంది. అప్పటి నల్గొండ జిల్లాలోని సూర్యాపేట. కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ బయటి నిధులు, ప్రపంచబ్యాంకు, పెద్ద కంపెనీ ఏదీ లేకుండా, వీధి కుండీలు తీసేయించి, ఇంటి గడపలోనే తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా తీసుకునే ఏర్పాటు చేశారు. తడిది వానపాముల ఎరువైంది, పొడిది అమ్ముడుపోయింది. పెంట పాట రోజుల్లోలా చెత్త మళ్లీ రాబడి పద్దులోకి వచ్చింది. దేశం నలుమూలల నుంచి అధికారులు చూడటానికి వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, వెళ్లి తమ నగరాల్లో టెండర్లు పిలిచారు. 2012లో వరంగల్ కార్పొరేషన్ కూడా ఊళ్ల మధ్య పోటీ పెట్టి ఇదే సంగతి ఇంకో తీరుగా రుజువు చేసింది. ఇలాంటివి ఒక కమిషనర్ ఉన్నంతకాలం వెలిగి, బదిలీతో మసకబారడం మన పరిపాలనకు పాత జబ్బు.

అదే సమయంలో రాష్ట్రం మరో దారిలో తొందరగా నడిచింది. షాద్‌నగర్ దగ్గర 6.6 మెగావాట్లది, విజయవాడలో 6 మెగావాట్లది, చెత్త నుంచి విద్యుత్తు తీసే కర్మాగారాలు 2003 ప్రాంతంలో వచ్చాయి. దేశంలో అవి తొలితరానివి. కానీ మన చెత్త తడి, మట్టి, బూడిదల కలగలుపు. దాన్ని మండించడం కన్నా ఆరబెట్టడమే పెద్ద పని. సబ్సిడీల మీద సుప్రీంకోర్టు 2005లో ఆంక్ష పెట్టింది. కొన్నేళ్లకు ఆ కర్మాగారాలు ఆగిపోయాయి. ఆ దశాబ్దం నడుమనే పన్నెండో ఆర్థిక సంఘం, పట్టణ సంస్థలకిచ్చే గ్రాంటులో కనీసం సగం ఘనవ్యర్థాలకు, అదీ ప్రైవేటు భాగస్వామ్యంతో, కేటాయించాలంది. ఊరూరా ఒకే మాదిరి టెండరు పత్రాలు పుట్టడానికి మూలం ఆ వాక్యమే.

2007లో పన్నెండు మునిసిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు హైదరాబాదు కార్పొరేషన్‌తో కలిసి గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడింది. రెండేళ్లకు, 2009 ఫిబ్రవరిలో, సేకరణ మొదలు పూడ్చిపెట్టడం దాకా కలిపి ఇరవై అయిదేళ్లకు రాంకీ సంస్థతో కార్పొరేషన్ ఒప్పందం చేసుకుంది. ఒక తరం కాలానికి ఒక నగరం చెత్తను ఒకే చేతిలో పెట్టడం తెలుగునాట అదే మొదలు. కార్మిక సంఘాలు అడ్డుపడ్డాయి. ఇంటి దగ్గర ఎత్తే పని కంపెనీకి పోలేదు. నగరం చెత్త చేరే జవహర్‌నగర్ యార్డు నిర్వహణ ముందు, రవాణా తర్వాత, అంచెలంచెలుగా వెళ్లాయి.

ఈ ఒప్పందాల గుండె టిప్పింగ్ ఫీజు. లారీ వేబ్రిడ్జి ఎక్కుతుంది, బరువు చీటీ ముద్రితమవుతుంది, టన్నుకింత చొప్పున బిల్లు తయారవుతుంది. లెక్క సూటిగా ఉంటుంది, ఆడిటరుకు నచ్చుతుంది. చిక్కల్లా ఇక్కడే. తడిసిన చెత్త ఎక్కువ తూగుతుంది. మట్టి కలిస్తే ఇంకా తూగుతుంది. ఇంట్లోనే కంపోస్టు చేసుకున్న గృహిణి, అట్టపెట్టెల్ని వేరుచేసి అమ్ముకున్న దుకాణదారు ఊరికి మేలు చేస్తున్నారు. బిల్లులో మాత్రం వారి మేలుకు గడి లేదు. బరువుకు డబ్బిచ్చే ఊరికి బరువే మిగులుతుంది. జవహర్‌నగర్‌లో ఆ బరువు గుట్టగా పెరిగింది, ఊట కింది మల్కారం చెరువుకు దిగింది. తర్వాత ఆ గుట్టను మట్టితో కప్పారు. 2020లో అక్కడే 19.8 మెగావాట్ల విద్యుత్కేంద్రం మొదలైంది. ఈసారిది నిలబడింది. గుంటూరు, విశాఖల్లో చెరొక 15 మెగావాట్ల కేంద్రాలు 2022లో తోడయ్యాయి. మండే సరుకు రోజూ కావాలన్న షరతు వీటితో వచ్చింది. కాగితం, అట్ట, ప్లాస్టిక్ పాత సామాన్ల వాడికి పోవాలా, పొయ్యిలోకి పోవాలా అన్నది ఇప్పుడు ఒప్పందాల్లో నలిగే ప్రశ్న.

రాష్ట్ర విభజన తర్వాత రెండు ప్రభుత్వాలూ చెత్త బండికి తమ రంగు వేసుకున్నాయి. 2015 జూలైలో రెండు రాష్ట్రాల్లో కార్మికులు సమ్మెకు దిగారు. గ్రేటర్ కార్మికుల జీతం 8,500 నుంచి 12,500కు పెరిగింది. ఆ నవంబరులో అక్కడే స్వచ్ఛ ఆటోలు వచ్చాయి. రెండు వేల దాకా ఆటోలను డ్రైవర్లకే యజమానులుగా ఇప్పించి, ఇంటికి రెండు బుట్టల చొప్పున పంచారు. బ్యాంకు వాయిదా డ్రైవరుదే, ఇళ్ల నుంచి నెలకింత వసూలు చేసుకునేదీ అతనే. కాంట్రాక్టరును రెండు వేల ముక్కలుగా చేసి వీధికొకణ్ని నిలిపినట్టు. ఆ ఆటోను ఒక్కసారి దగ్గరగా చూడాలి. వెనుక డాలాకు ఇటూ అటూ గోనెసంచులు వేలాడుతుంటాయి. భార్యో తమ్ముడో చెత్త మీదే నిలబడి, మనం కలిపేసి ఇచ్చిన బుట్టలోంచి పాల కవర్లు ఒక సంచిలోకి, నీళ్ల సీసాలు మరో సంచిలోకి, అట్టముక్కలు ఇంకోదాంట్లోకి విసురుతుంటారు. తడి పొడి వేరుచేయాలన్న చట్టం అమలయ్యేది అక్కడ, ఒట్టి చేతులతో. సంచుల అమ్మకం ఆ ఇంటి ఆదాయంలో భాగం, ఏ ఒప్పందంలోనూ లేని పద్దు.

ఆంధ్రప్రదేశ్‌లో 279 జీవో పేరు చెబితే మునిసిపల్ కార్మికులకు ఇప్పటికీ మండుతుంది. పనులను ప్యాకేజీలుగా బయటి ఏజెన్సీలకు అప్పగించే ఆ విధానం మీద 2018లో సమ్మె నడిచింది. 2020 జూలైలో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ వచ్చి మధ్యవర్తి ఏజెన్సీలను తొలగించి, కార్మికుడి ఖాతాలోకే జీతం వేసింది. ఇది నిజమైన ముందడుగే. ఉద్యోగం శాశ్వతం కాలేదు గనుక 2023 డిసెంబరు చివర మళ్లీ సమ్మె వచ్చింది. 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో బండ్లు మాత్రం ప్రైవేటు ఏజెన్సీలవే. వాటి ఖర్చుకు ఇంటింటా రుసుము పెట్టారు. జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో కొత్త ప్రభుత్వం దాని రద్దును ప్రకటించింది. ఒకప్పుడు పెంట వేలం వేసుకున్న బందరులోనే, చెత్త ఖర్చు ఎవరు మోయాలన్న వాదం ఇలా తేలింది, లేదా వాయిదా పడింది. పన్ను పోయినా బిల్లు పోలేదు. ఆ తర్వాత రాష్ట్రం 85 లక్షల టన్నుల పాత చెత్తను తవ్వి జల్లెడ పట్టించే పనిలో పడింది. అంటే తోలినందుకు ఒకసారి, తవ్వినందుకు మరోసారి చెల్లింపు.

పల్లెలు ఈ కథలో ఆలస్యంగా ప్రవేశించాయి. తెలంగాణ 2019లో పల్లెప్రగతి కింద పంచాయతీకో ట్రాక్టరు ఇచ్చింది. కాంట్రాక్టరు ఊసే లేని ఏర్పాటు అది. డీజిలు ఖర్చు, డ్రైవరు జీతం సర్పంచ్‌కు తలనొప్పి అయినా ట్రాక్టరు ఊరిదే.

పొరుగు నగరాల నుంచి రెండు సాక్ష్యాలు చాలు. పుణె 2008లో చెత్త ఏరుకునే స్త్రీల సహకార సంస్థ 'స్వచ్ఛ్‌'తోనే ఒప్పందం రాసుకుంది. ఏరిన సరుకు వాళ్లది, ఇంటి రుసుము వాళ్లది. చెన్నై 2000లో ఓనిక్స్ అనే విదేశీ కంపెనీతో మొదలుపెట్టి పాతికేళ్లుగా కంపెనీలు మారుస్తూ వచ్చింది. 2025 ఆగస్టులో రెండు మండలాల పనిని ప్రైవేటుకివ్వడాన్ని ఎదిరించి, రిప్పన్ భవనం ముందు కార్మికులు పదమూడు రోజులు కూర్చున్నారు. 1882లో స్వపరిపాలన తీర్మానం చేసిన ఆ రిప్పన్ పేరే ఆ భవనానిది. ఈ రెండింటిలో పుణె దారి మనకు దగ్గరదని నా నమ్మకం. మన తోపుడు బండివాడు, మన స్వచ్ఛ ఆటో ఆ దారిలో ఇప్పటికే సగం దూరం నడిచారు.

2009 నాటి హైదరాబాదు ఒప్పందం లెక్క ప్రకారం 2034లో ముగుస్తుంది. చిన్న ఊళ్ల ఒప్పందాలు రెండు మూడేళ్లకోసారి ముగుస్తూనే ఉంటాయి. మీ ఊరిది ఈసారి టెండరుకు వచ్చినప్పుడు సమాచార హక్కు చట్టం కింద ఆ పత్రం తెప్పించుకుని చదవండి. డబ్బు టన్నుకిస్తున్నారా, వేరుచేసినదానికిస్తున్నారా చూడండి. కార్మికుడి జీతం ఏ ఖాతాలోంచి ఏ ఖాతాలోకి పోతుందో, గోనెసంచి సరుకు ఎవరిదని రాశారో వార్డు సభలో అడగండి.